పసి ఒంటి రంగు

"దించవే ఆ పిల్లని! ఇంక నువ్వు పోసిన నీళ్ళు చాలు," అంది వెంకటరత్నమ్మ.

చెంబు పట్టిన జంగమ్మ చెయ్యి అలాగే ఆగిపోయింది. పెరటి బండ మీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఉందామె. ఆ కాళ్ళ మీద నాలుగు నెలల పాప గుక్కపట్టి ఏడుస్తోంది.

నిన్నటిదాకా మెడ మడతల్లోనే ఉన్న ఎరుపు, తెల్లవారేసరికి చెంపలకీ చేతులకీ పాకింది. గడ్డం కింద చర్మం ఉల్లిపొరలా లేచి, లోపల పచ్చిగా కనబడుతోంది. నీళ్ళు తగిలినప్పుడల్లా పిల్ల ఒళ్ళంతా విల్లులా వంగిపోతోంది.

"ఏమైంది పెద్దమ్మా? జర ఆగున్రి, పిల్లను తుడ్వనియ్యున్రి."

"ఏమైందని నన్నడుగుతావా? నీ వేళ్ళ సందులు నువ్వే చూసుకో. మొన్న గోక్కుంటుంటే నా కళ్ళారా చూశాను. గజ్జి! ఆ గజ్జి చేతుల్తోనే నా మనవరాలి ఒళ్ళు రుద్దావు."

జంగమ్మ మొహం మాడిపోయింది.

"గజ్జి కాదు పెద్దమ్మా. చలికి పగిలినయి. పొద్దుగాల్నుంచి ఆరిండ్లల్ల నీళ్లల్ల నానుతయి నా చేతులు. కావాల్నంటే దవాఖానల చూపిస్త."

"దవాఖానలో నువ్వు చూపించుకో. మా పిల్ల మీద చూపించకు."

"నేను నలుగు పెట్టేది వీపుకు, కాళ్లకు. గాడ చూడున్రి, ఒక్క పొక్కున్నదా? మొగానికి, మెడకు, చేతులకు ఉత్త నీళ్లే పోస్త. రుద్దిన కాడ మంచిగున్నది, రుద్దని కాడ తోలు లేచింది. గిదేం లెక్క, మీరే చెప్పున్రి."

వెంకటరత్నమ్మ గొంతు పెంచింది.

"నాకు లెక్కలు చెబుతావటే! ముగ్గురు పిల్లల్ని కని పెంచినదాన్ని. రాజధాని ఇక్కడికి మారి కర్నూలు నుంచి ఈ నాంపల్లికి వచ్చి ఏడేళ్ళయింది. ఇన్నేళ్ళలో నాకు ఎదురు చెప్పిన పనిమనిషి లేదు."

జంగమ్మ వంటింటి గుమ్మం వైపు తిరిగింది. అక్కడ పిల్ల తల్లి వసుమతి తువ్వాలు రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉంది.

"చిన్నమ్మా, నువ్వు చెప్పు. రోజూ నీ ముంగట్నే గద పోసేది."

వసుమతి పెదవులు కదిలాయి. అత్తగారు ఇటు చూసింది. జంగమ్మ కూడా చూస్తూనే ఉంది.

"ముందు తుడువు జంగమ్మా. చలికి వణికిపోతోంది," అని తువ్వాలు అందించింది వసుమతి.

జంగమ్మ ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసి, తువ్వాలు అందుకుంది. పిల్లను ఎక్కడా రుద్దకుండా అద్ది, చుట్టి, తల్లి చేతికిచ్చింది. తడి చీర కుచ్చెళ్ళు పిండుకుంది.

గోడవతల వాటాలోంచి కొండమ్మ అప్పటికే తొంగిచూస్తోంది. ఆమె చంకలో మనవడున్నాడు.

"ఏమిటి పిన్నిగారూ, గజ్జి అంటున్నారు? మా వాడికి కూడా ఇదేగా పోసేది!"

"అందుకే చెబుతున్నా కొండమ్మా. నీ జాగ్రత్తలో నువ్వుండు."

కొండమ్మ మనవడి చేతులు తిప్పి తిప్పి చూసుకుని, వాణ్ణి ఎత్తుకుని గబగబా లోపలికి వెళ్ళిపోయింది. మిగతా వాటాలకు ఆ మాట చేరడానికి ఎంతోసేపు పట్టదని జంగమ్మకూ తెలుసు. ఆమె గేటు దాకా వెళ్ళి, చెప్పులు వేసుకుని, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

*

ఆబిడ్స్‌లో బట్టల కొట్టు మీద మేడలో డాక్టర్ కమలకుమారి పిల్లల ఆసుపత్రి. అత్తా కోడళ్ళు రిక్షా దిగి మెట్లెక్కేసరికి పదకొండయింది.

డాక్టరుగారు పాప బట్టలు విప్పి, వెలుతురున్న కిటికీ దగ్గర బల్ల మీద పడుకోబెట్టారు. వేలితో గడ్డం ఎత్తి మెడ మడత చూశారు. చంకలు, అరచేతులు, వేళ్ళ సందులు, తర్వాత వీపు, కాళ్ళు.

"నీళ్ళు పోసేది ఎవరు?"

"జంగమ్మని ఒకతి ఉందండీ. దానికి గజ్జి. అదే అంటించింది," అంది వెంకటరత్నమ్మ.

"ఇది గజ్జి కాదు."

"మరి?"

"గజ్జి అయితే రాత్రింబవళ్ళు దురద ఉంటుంది. అరచేతుల్లో, పాదాల్లో పొక్కులుంటాయి. ఈ పిల్లకి అక్కడ శుభ్రంగా ఉంది. ఇది ఏదో ఘాటైన మందు పడి కాలిన చర్మం. మొహానికి, మెడకి, చేతులకి ఏం రాస్తున్నారు?"

"ఏమీ రాయమండీ. ఆముదం, సున్నిపిండి. అందరిళ్ళల్లో ఉండేవే."

డాక్టరుగారు వసుమతి వైపు చూశారు. వసుమతి పాప కాలి బొటనవేలు పట్టుకుని, దాన్నే చూస్తోంది.

"అమ్మగారూ, మీరు కాసేపు బయట బల్ల మీద కూర్చోండి. పుండు కడగాలి. పిల్ల ఏడుపు మీరు చూడలేరు."

వెంకటరత్నమ్మ గొణుక్కుంటూ బయటికి వెళ్ళింది. తలుపు పడింది.

"ఇప్పుడు చెప్పమ్మా," అన్నారు డాక్టరుగారు.

వసుమతి కళ్ళ నీళ్ళు పాప పొట్ట మీద పడ్డాయి. వాటిని కంగారుగా కొంగుతో తుడవబోయింది.

"కొంగుతో రుద్దకు. ఈ మెత్తటి గుడ్డతో అద్దు. ఏం రాశావు?"

"మంగు మచ్చలకు రాసుకునే మందు."

"పెద్దవాళ్ళు మొహానికి రాసుకునేదా?"

"ఈ రోడ్డులోనే ఒక షాపులో అమ్ముతున్నారు. చిన్న గాజు సీసా. మధ్యాహ్నం అత్తయ్య పడుకున్నాక రాసేదాన్ని. పది రోజులుగా." గొంతు పూర్తిగా తగ్గిపోయింది. "పెద్దవాళ్ళకు మాత్రమే అని దాని మీద ఉందండీ. చదివాను. చదివే రాశాను. కొంచెమే కదా అనుకున్నాను."

"ఎందుకు?"

"పిల్ల నల్లగా పుట్టిందండీ."

"అయితే?"

"బారసాల నాడు అందరి ముందూ అత్తయ్య, మా ఇంటా వంటా లేని రంగు ఇది అన్నారు. అందరూ నా మొహం చూశారు. ఆయన..." వసుమతి ఆగిపోయింది. "ఆయన నవ్వారు."

డాక్టరుగారు పళ్ళెంలో కాచి చల్లార్చిన నీళ్ళు పోశారు. మెడ మడత రెండు వేళ్ళతో విప్పి, దూది తడిపి మెల్లగా అద్దుతూ మాట్లాడారు.

"నీ ఒంటి తోలు వేరు, దీని తోలు వేరు. పూరేకు మీద సున్నం పూస్తే ఏమవుతుంది? పసిపిల్లల ఒళ్ళు ఏం పూస్తే అది తాగేస్తుంది. నీ అదృష్టం కొద్దీ పైపైన కాలింది. ఆ సీసా ఏదీ?"

"నిన్న కాలవలో పారేశాను."

"మంచి పని. ఇక విను. పుండు మానేదాకా నేనిచ్చే లేపనం తప్ప ఏదీ ముట్టించకు. సబ్బు, సున్నిపిండి, పౌడరు ఏవీ వద్దు. సాంబ్రాణి పొగ అసలే వద్దు. గోరువెచ్చటి నీళ్ళు చాలు. నీ మోచెయ్యి ముంచి చూడు, వేడీ అనిపించకూడదు, చల్లగానూ ఉండకూడదు. మడతల్లో పాలు, చెమట నిలవకుండా ఇదిగో, ఇలా విప్పి కడిగి, తడి ఆరేలా అద్దు. దాని బట్టలు ఉతికాక సోడా పోయేదాకా రెండు నీళ్ళు జాడించు. పాలు మాత్రం నీవే ఇవ్వు, అడిగినన్ని సార్లు ఇవ్వు. దానికిప్పుడు అంతకంటే మందు లేదు."

వసుమతి తల ఊపింది.

"రంగు మారదు. మార్చాల్సిన పనీ లేదు. సరే, ఆ జంగమ్మని ఏం చేశారు?"

"పంపించేశారు."

"నువ్వక్కడే ఉన్నావా?"

"ఉన్నాను."

డాక్టరుగారు దూది పారేసి, చేతులు కడుక్కున్నారు.

"మీ అత్తగారితో ఇది ఘాటు మందు వల్ల వచ్చిందనే చెబుతాను. ఎవరు రాశారో నేను చెప్పను. అది నా నోటితో చెప్పాల్సింది కాదు."

*

"మందు వల్లట! ఇంట్లో లేని మందు ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆ జంగమ్మే తన చేతులకి ఏదో నాటు మందు పూసుకుని వచ్చుంటుంది. అదే అంటింది," అని దారి పొడుగునా నిర్ధారణ చేసుకుంటూ వచ్చింది వెంకటరత్నమ్మ. ఇంటికి చేరగానే అదే మాట కొండమ్మకు చెప్పింది. కొండమ్మ అవతలి వాటాకు చెప్పింది.

ఆరు గంటలకు రామచంద్రమూర్తి సెక్రటేరియట్ నుంచి వచ్చాడు. అక్కడ గుమాస్తా. కాళ్ళు కడుక్కుని, కాఫీ తాగి, పేపరు పట్టుకున్నాడు. తల్లి గుడికి వెళ్ళేదాకా ఆగి, వసుమతి అతని ముందు నేల మీద కూర్చుంది.

మొత్తం చెప్పింది. షాపు, సీసా, పది మధ్యాహ్నాలు, డాక్టరమ్మ మాటలు.

అతను పేపరు మడిచాడు.

"నీకు బుద్ధుందా?"

"లేదు. ఉంటే చేసేదాన్ని కాదు."

"సరే, అయిపోయింది. తగ్గుతుందన్నారుగా. ఇంక ఎవరితోనూ అనకు."

"జంగమ్మ?"

"జంగమ్మకేం?"

"గజ్జి అని అందరిళ్ళల్లోనూ మాన్పించేశారు. నా మూలంగా."

"జంగమ్మ కాకపోతే గంగమ్మ. హైదరాబాదులో పనిమనుషులు కరువా? దానికి ఇంకో వీధిలో పని దొరుకుతుంది. నువ్విప్పుడు ఊరంతటికీ చాటితే మాత్రం మా అమ్మ ముందు నువ్వు తలెత్తలేవు, నలుగురిలో నేను తలెత్తలేను."

"బారసాల నాడు నేను తలెత్తుకున్నానా?"

"మళ్ళీ అదా! అమ్మ నోరు నీకు తెలియదా?"

"నోరు అత్తయ్యదే. నవ్వింది మీరు."

అతని మొహం ఎర్రబడింది.

"ఏదో, అందరూ ఉన్నప్పుడు... నవ్వకపోతే గొడవవుతుందని నవ్వాను."

"పిల్ల రంగు చూసి మీరు నవ్వారనే నేను ఆ సీసా కొన్నాను."

"అంటే తప్పు నాదంటావా? కాల్చింది నువ్వు, నేరం నాదా?"

"నాదే. అందుకే చెబుతానంటున్నాను."

"చెప్పావంటే నీ ఇష్టం. నన్ను మాత్రం మధ్యలోకి లాగకు."

గేటు చప్పుడైంది. వెంకటరత్నమ్మ గుడి నుంచి వస్తోంది. రామచంద్రమూర్తి మళ్ళీ పేపరు విప్పాడు.

*

మూడు రోజులు గడిచాయి. లేపనంతో పాప చెంపల మీద ఎరుపు తగ్గింది. మెడ కింద కొత్త చర్మం కట్టింది. నాలుగో నాడు, పుండు చూపించుకు వస్తానని చెప్పి వసుమతి పిల్లను ఎత్తుకుని రిక్షా ఎక్కింది. డాక్టరుగారి దగ్గర్నుంచి నేరుగా నాంపల్లి స్టేషన్ వైపు పోనిమ్మంది.

గూడ్స్ షెడ్డు వెనక, పట్టాల పక్కన రేకుల ఇళ్ళు. ఎవర్నో అడిగితే చూపించారు. జంగమ్మ మొగుడు మొగులయ్య షెడ్డులో హమాలీ. గుమ్మంలో కూర్చుని బీడీ తాగుతున్నవాడు, ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. లోపలికి తిరిగి, "నీ కోసం వచ్చిన్రే," అన్నాడు. తర్వాత ఎవరితోనో చెబుతున్నట్టు, "మొన్నటిదంక ఆరిండ్లు. ఇయ్యాల ఒక్కటి లేదు," అని పట్టాల వైపు వెళ్ళిపోయాడు.

జంగమ్మ బయటికొచ్చింది. పిల్లను చూసింది గానీ ఎత్తుకోవడానికి చేతులు చాపలేదు.

"ఎట్లున్నది పోరి?"

"తగ్గుతోంది."

"మంచిది."

వసుమతి అక్కడే నిలబడి చెప్పింది. ఇంట్లో మొగుడికి చెప్పినంత వివరంగా చెప్పలేకపోయింది. రెండే మాటలు. మందు తాను రాసింది. ఆ రోజు నోరు పెగల్లేదు.

"నాకు ఎర్కే," అంది జంగమ్మ.

వసుమతి నిర్ఘాంతపోయింది.

"నీకు తెలుసా?"

"రెండోనాడే వాసన పట్టిన. పసిపోరి దగ్గర పాల వాసన రావాలె. అత్తరు వాసనొచ్చింది. పోరి తెల్లగైతదని ఆశకు పోతున్నవనుకున్న. రేపో మాపో బంద్ చేస్తవనుకున్న."

"మరి ఆ రోజు ఎందుకు చెప్పలేదు జంగమ్మా?"

"నేను చెప్తే ఎవరు నమ్ముతరు? గజ్జి ముండ తప్పించుకోనీకి కోడలి మీద పెట్టిందందురు. నువ్వు చెప్తవనుకున్న. నువ్వు చెప్పు అని అడగలేదా నిన్ను?"

"అడిగావు."

"నువ్వు తువ్వాల ఇచ్చినవు."

పట్టాల మీద ఇంజను ఒకటి వెనక్కి నడుస్తూ పోయింది.

"తప్పయిపోయింది. నన్ను క్షమించు. నీ కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను."

"కాళ్లెందుకు? గీడ నా ఇంట్ల చెప్తే ఎవరికి వినొస్తది? నా పేరు పోయింది గాడ, మీ నల్లా కాడ. గాడ చెప్పు."

"అక్కడ చెబితే నేనేమైపోతానో నీకు తెలియదు."

"నాకెట్ల ఎర్కైతది బిడ్డా? నేనేమైపోయిన్నో నీకు ఎర్కైందా?"

అందులో కోపం లేదు. కోపమున్నా బాగుండేదనిపించింది వసుమతికి. పాప నిద్రలో కదిలింది. జంగమ్మ కళ్ళు అటు పోయాయి.

"మెడ కింద గుడ్డ గట్టిగ కట్టకు. గాలి తగలనియ్యి," అని మాత్రం అని లోపలికి వెళ్ళబోయింది.

"రేపు పొద్దున రా జంగమ్మా," అంది వసుమతి. "నల్లా వచ్చే వేళకి రా. వచ్చి గేటు దగ్గర నిలబడు. నువ్వుంటే చెప్పగలను."

*

నల్లా ఉదయం గంటసేపే వస్తుంది. నాలుగు వాటాల ఆడవాళ్ళూ బిందెలు వరసగా పెట్టుకుని నిలబడ్డారు. కొండమ్మ బిందె నిండుతోంది. వెంకటరత్నమ్మ తన వంతు కోసం చూస్తూ, జంగమ్మ స్థానంలో ఎవర్ని పెట్టుకోవాలో చెబుతోంది.

గేటు దగ్గర జంగమ్మ వచ్చి నిలబడింది.

"నువ్వెందుకొచ్చావే?" అంది వెంకటరత్నమ్మ.

"నేను రమ్మన్నాను అత్తయ్యా," అంది వసుమతి. పాపను భుజాన వేసుకుని పెరటి మెట్టు మీద నిలబడి ఉంది. అందరికీ వినబడేలా మాట్లాడింది. "జంగమ్మకి గజ్జి లేదు. పాప ఒళ్ళు కాల్చిన మందు ఆమె తేలేదు. నేను తెచ్చాను. పిల్ల తెల్లబడుతుందని నేనే పది రోజులు రాశాను. ఆ రోజు భయపడి చెప్పలేదు. ఆమె తప్పు ఏమీ లేదు."

కొండమ్మ బిందె నిండి నీళ్ళు బండ మీదికి పొర్లాయి. ఎవరూ నల్లా కట్టలేదు.

వెంకటరత్నమ్మ అరుస్తుందని అందరూ అనుకున్నారు. ఆమె అరవలేదు. మెల్లగా మెట్ల దాకా వచ్చి చేతులు చాపింది.

"ఇలా తే."

వసుమతి కదల్లేదు.

"ఇలా తెమ్మన్నానా."

ఆమే పిల్లను భుజం మీంచి తీసుకుంది. మెడ దగ్గర కొత్త చర్మాన్ని చూసింది. అప్పుడామె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవి చూసి వసుమతి ఇంకా భయపడింది.

"నేను నల్లగా ఉన్న పిల్లని నల్లదన్నాను. నా నోరు మంచిది కాదు, ఒప్పుకుంటాను. నోటితోనే అన్నాను. దీని ఒంటికి నిప్పు పెట్టింది నువ్వు. కన్నతల్లివి."

వెంకటరత్నమ్మ గేటు వైపు తిరిగింది. తప్పయిందన్న మాట ఆమె నోట రాలేదు.

"జంగమ్మా, ఇవాళ్టి నుంచి మళ్ళీ రా. డాక్టరు చెప్పినట్టే ఉత్త నీళ్ళు పొయ్యి. నువ్వే పొయ్యి, నువ్వే తుడిచి నాకివ్వు. ఈ కన్నతల్లి చేతికి మాత్రం పిల్లనివ్వకు."

జంగమ్మ కొంగు సవరించుకుంది.

"నా తప్పు లేదని నలుగురు విన్నరు. గది చాలు పెద్దమ్మా. తల్లి కాడి నుంచి పోరిని గుంజి తానం పోసుడు నాతోని కాదు. గీ ఇంటికి రాను."

"మా వాడికి పోస్తావా జంగమ్మా?" అంది కొండమ్మ, ఇటూ అటూ చూస్తూ.

"చూస్త," అంది జంగమ్మ. పోతూ పోతూ వసుమతి వైపు ఒకసారి చూసింది. గేటు వేసి వెళ్ళిపోయింది.

*

పదయ్యేసరికి పాప ఏడుపు మొదలుపెట్టింది. వెంకటరత్నమ్మ ముందుగదిలో దాన్ని ఒళ్ళో వేసుకుని జోకొడుతోంది. రామచంద్రమూర్తి ఆ రోజు ఆఫీసుకు సెలవు పెట్టి, నల్లా దగ్గరి మాటలు విన్నప్పటి నుంచి ఇంట్లో అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"ఆకలేస్తోంది అత్తయ్యా. పాలిస్తాను," అంది వసుమతి గుమ్మంలో నిలబడి.

"నీ ఒంటికేం పూసుకున్నావో నాకేం తెలుసు?"

"దేవుడి తోడు, నేనేమీ పూసుకోలేదు."

"దేవుడి తోడు నాలుగు రోజుల కిందటే వేస్తే బాగుండేది."

రామచంద్రమూర్తి చొక్కా వేసుకుని బయటికి వెళ్ళాడు. గంటలో ఆబిడ్స్ నుంచి తిరిగొచ్చాడు. చేతిలో కాగితం సంచి ఉంది. అందులోంచి పాలపొడి డబ్బా, గాజు సీసా, రెండు రబ్బరు పీకలు తీసి బల్ల మీద పెట్టాడు. వంటింట్లోంచి స్టవ్వూ, నీళ్ళ గిన్నే తెచ్చి పక్కన ఉంచి, తల్లివైపే చూస్తూ చెప్పాడు.

"నీళ్ళు బాగా మరగకాచి కలపాలటమ్మా. సీసా కూడా మరిగించాలట."

వసుమతికి తన కళ్ళ మీద తనకే నమ్మకం కలగలేదు.

"ఏమండీ, డాక్టరుగారు తల్లిపాలే ఇమ్మన్నారు. అదే మందన్నారు."

"డాక్టరుగారు నీకు చాలా చెప్పారు. అందులో ఒక్కటీ నువ్వు మాకు చెప్పలేదు."

"మీకు చెప్పాను."

వెంకటరత్నమ్మ జోకొట్టడం ఆపింది.

"ఏమిటీ? ఎప్పుడు?"

"డాక్టరు దగ్గర్నుంచి వచ్చిన సాయంత్రమే చెప్పాను అత్తయ్యా. మీరు గుడికి వెళ్ళినప్పుడు. సీసాతో సహా అన్నీ చెప్పాను. ఎవరితోనూ అనకు అన్నారు."

వెంకటరత్నమ్మ కొడుకు మొహంలోకి చూసింది.

"నీకు తెలుసా రామం?"

రామచంద్రమూర్తి డబ్బా మూత చుట్టూ వేలు తిప్పాడు.

"ఏదో చెబుతూ ఉంది. నేను పేపరు చదువుకుంటున్నాను. సరిగ్గా వినలేదు," అన్నాడు.

వసుమతి అతని వైపే చూస్తూ నిలబడింది. అతను చూపు తిప్పుకోలేదు గానీ, ఆ చూపులో ఆమె లేదు. అతను మెల్లగా వచ్చి, ఆమె భుజం తాకకుండా, తలుపు రెక్క ముందుకు లాగాడు. వసుమతి ఒక అడుగు వెనక్కి వేయాల్సి వచ్చింది. లోపల గడియ పడింది.

స్టవ్ వెలిగించిన చప్పుడు. చెంచా గాజుకు తగిలిన చప్పుడు. పాప ఏడుపు వాటన్నిటి మీదా వినిపిస్తోంది. ఆ ఏడుపుకు వసుమతి రొమ్ములు చేపి, రవిక ముందంతా తడిసిపోయింది. ఆమె రెండు చేతులతో తలుపు బాదింది.

"ఒక్కసారి తియ్యండి. ఒక్కసారి ఇస్తాను. మీ ఎదురుగానే కడుక్కుని ఇస్తాను. అత్తయ్యా!"

తలుపు తెరుచుకోలేదు. పాప ఇంకా గట్టిగా ఏడ్చింది. రబ్బరు పీకను నాలుకతో తోసేస్తున్న ఏడుపది. ఏ ఏడుపు దేనికో తల్లికి తెలుసు.

ఉన్నట్టుండి ఏడుపు ఆగిపోయింది.

వసుమతి ఊపిరి బిగబట్టి తలుపుకు చెవి ఆనించింది. సీసా పాలు తాగుతోందో, ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిందో తెలియలేదు. లోపల ముగ్గురున్నారు. ఒక్కరి చప్పుడూ లేదు.